పేరు రాని రంగు

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. వాకిట్లో గల్లా మీద కూర్చున్న మనిషి చీర చూసి రంగు పేరు పిలవాలి. పిలుపు వినగానే లోపల అరల దగ్గరున్న మనిషి ఆ రంగు గుడ్డ తాను లాగి, కొలిచి, కత్తెర వెయ్యాలి. మధ్యలో ‘ఇదేనా’ అని అడగడం ఉండదు. తార్నాకలో మాకంటే పెద్ద మ్యాచింగ్ సెంటర్లు ఉన్నాయి, ఏసీ పెట్టుకున్నవీ ఉన్నాయి. అయినా పెళ్లిళ్ల రోజుల్లో ఆడవాళ్లు మా మెట్ల మీదే నిలబడతారంటే ఆ వేగం కోసమే. వాళ్లు చీర మడత విప్పుతుండగానే నేను ‘ఉల్లిపొర’ అంటాను. మళ్లీ మడిచేలోపు జాకెట్ ముక్క, లైనింగ్, ఫాల్ కవర్లో ఉంటాయి.

పద్ధతి మా మామ పెట్టింది. పేర్లు కూడా చాలావరకు ఆయనవే. కంపెనీ వాళ్లు తానుల మీద నంబర్లు వేసి పంపుతారు, వాటిని మేం చూడం. నెమలికంఠం, వంకాయ, మామిడి చిగురు, బచ్చలిపండు అందరికీ తెలిసినవే. గ్యాస్‌బండ ఎరుపు, డిపో ఎరుపు, తడి ఇటుక మాత్రం మా దగ్గర తప్ప ఎక్కడా వినపడవు. ఆయన పోయేనాటికి నా భర్త సుదర్శన్‌కు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. మరిది పరశురాంకు జాకెట్ ముక్కలు అమ్మడమంటే నామోషీ. ముషీరాబాద్‌లో సెల్‌ఫోన్ సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. గల్లా నాకు ఎవరూ ఇవ్వలేదు. ఖాళీగా ఉంది, కూర్చున్నాను. కూర్చున్నాక లాభం చూపించాను కాబట్టి ఎవరూ లేవమనలేదు.

ఈ శ్రావణంలో మొదటిసారి లేవమన్నారు.

యాభై దాటాక నా నెలసరి, చెప్పిన రోజున రాని సరుకు లారీలా తయారైంది. కొన్నాళ్లు జాడ ఉండదు, వచ్చిందంటే ఒకదాని వెనక ఒకటి. మెడ వెనక నుంచి మంట లేచి ముఖమంతా పాకుతుంది. ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట. వీటికి నేను సిద్ధంగానే ఉన్నాను, మా అమ్మనూ అక్కనూ చూశాను కాబట్టి. మాటలు జారిపోతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. రంగు కళ్ల ముందే ఉంటుంది, పేరు నోటికి అందదు. ‘అదే... అది’ అంటాను. అరల దగ్గర భాగ్య చెయ్యి పైకెత్తి అలాగే నిలబడుతుంది. భాగ్య మా దగ్గర చేరి చాలా ఏళ్లయింది. పని ఎంత వేగమో నోరూ అంతే.

ఆ రోజు హబ్సిగూడ నుంచి పెళ్లివారు వచ్చారు. అక్కచెల్లెళ్లందరికీ ఒకే రకం చీరలు, నెమలికంఠం. నేను చూసింది నెమలికంఠమే, మనసులో అనుకున్నదీ అదే. నోటి నుంచి వచ్చింది మాత్రం ‘బచ్చలిపండు’. అందరికీ కోయమన్నాను. భాగ్య అరల వైపు తిరిగి ఉంటుంది కాబట్టి చీర చూడదు, పేరే వింటుంది. తాను లాగి వరసగా కోసుకుంటూ పోయింది. పెళ్లికూతురి తల్లి కవర్ తెరిచి, “ఇదేం రంగు అమ్మా, మా చీరలేడ, గీ ముక్కలేడ” అనేదాకా నాకు తెలియనే లేదు. కోసిన బట్ట వెనక్కి పోదు.

అప్పుడు పరశురాం స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ముషీరాబాద్ దుకాణం మూసేసినప్పటి నుంచి రోజూ వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుంటున్నాడు. నేను పెళ్లివాళ్లకు సరైన ముక్కలు కోయించి, సర్దిచెప్పి పంపేదాకా ఆగి, అప్పుడు గ్లాసు కింద పెట్టాడు.

“వదినా, నేను తప్పు వడ్తలేను. నీకు జర దిమాగ్ పని చేస్తలేదు. ఆడోళ్లకు గీ వయసుల గట్లనే అయితదంట, ఫోన్‌ల చూసిన. ఇగ ఇంట్ల కూసోని ఆరాం చెయ్. గల్లా నేను చూస్కుంట.”

“పొద్దుగాల నీ బండి తాళంచెవి ఎవరు దేవులాడిన్రు?”

“మీ చెల్లె.” అతని భార్య నన్ను అక్కా అంటుంది.

“ఏడ దొరికింది?”

“బండికే ఉండె. అది వేరు వదినా. గది టెన్షన్. దుకాణం బంద్ అయింది గదా.”

భాగ్య అరల వైపు నుంచి మళ్లకుండానే, “టెన్షన్ మంచిగున్నదన్నా, మాకు గూడ రెండు మీటర్లు కొయ్యరాదు” అంది.

పరశురాం విననట్టు మళ్లీ గ్లాసు అందుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. ఒకే సరుకుకు రెండు ధరలు చెబుతున్నాడు. మగవాడు మరిస్తే పని ఒత్తిడి, ఆడది మరిస్తే మనిషే పనికిరాదు. హోల్‌సేల్ వాళ్లతో బేరాలాడి నాకొకటి అర్థమైంది. తక్కెడ మీద వేలు పెట్టేవాడు ‘నేను తప్పు పట్టడం లేదు’ అంటూనే పెడతాడు.

దుకాణం అగ్రిమెంటు మా అత్త ఉప్పలమ్మ పేరు మీద ఉంది. గల్లా మీద ఎవరు కూర్చోవాలన్నది ఆమె మాట. పరశురాం ఆ పూటే ఆమె చెవిన వేశాడు. ఆమె నాకు ఫోన్ చేసి, “ఆదివారం కూసుందాం బిడ్డా” అని మాత్రం అంది. మా అత్త ఫోన్లో అంతకంటే మాట్లాడదు.

ఆదివారానికి ముందు హరిచందన వచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. వాళ్లది కాకినాడ వైపు కుటుంబం, నాన్న బ్యాంకు ఉద్యోగంతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. హాస్టల్ ఫంక్షన్లకు మా దగ్గరే ముక్కలు కోయించుకుంటుంది. ఆమె దుపట్టా బల్ల మీద పరిచింది. నాకు మళ్లీ పేరు రాలేదు. పరశురాం స్టూలు మీద నుంచి నవ్వాడు. నేను జరిగిందంతా ఆ అమ్మాయికి చెప్పేశాను. దాచి లాభం లేని సరుకును బల్ల మీద పెట్టడమే మంచిది.

ఆమె నవ్వలేదు. “ఆంటీ, మేం సరిగ్గా దీని మీదే పని చేస్తున్నాం. మీ వయసు ఆడవాళ్లకీ, మగవాళ్లకీ హార్మోన్లు చూసి, జ్ఞాపకం పరీక్షలు పెడుతున్నాం. మీకు ఇష్టమైతే రండి. రక్తం ఇవ్వాలి, ఒక పూట కూర్చోవాలి.”

“మగోళ్లు గూడ కావాల్నా?” అన్నాడు పరశురాం.

“మగవాళ్లే దొరకడం లేదండి. రమ్మంటే మాకేం మరుపు లేదంటారు.”

“నేనొస్త. వదినా, గాడనే తేలుద్దాం. నీకు నాకంటె తక్కువొస్తే గల్లా నాది.”

“ఇది పోటీ కాదండి” అంది హరిచందన కంగారుగా.

“మీకు కాదు మేడం. మాకు పోటీనే.”

“సరే” అన్నాను. ఆ అమ్మాయి మొహం చూస్తే ఎందుకు పిలిచానా అనుకుంటున్నట్టు తెలిసింది. కానీ బేరం కుదిరిపోయింది.

శనివారం పొద్దున్నే ఏమీ తినకుండా ఇద్దరం ఆటోలో క్యాంపస్‌కు వెళ్లాం. ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్ వాళ్లు వేపచెట్ల కింద చేతులు ఊపుతున్నారు. పరశురాం దారంతా ధీమాగా ఉన్నాడు. రక్తం తీయించుకునేటప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఇడ్లీ పెట్టించి, మమ్మల్ని పక్కపక్క గదుల్లో కూర్చోబెట్టారు. నాకు హరిచందన, అతనికి ఆమెతో పనిచేసే ఒక కుర్రాడు పరీక్ష పెట్టారు. మధ్యలో చెక్క తడికే, అవతల మాట ఇవతలికి వినపడుతుంది.

హరిచందన కొన్ని మాటలు చదివింది. తలుపు, గొడుగు, చెరువు, బెల్లం, చిలుక, ఇంకా చాలా. విని తిరిగి చెప్పమంది. మళ్లీ చదివింది, మళ్లీ చెప్పమంది. మొదటిసారి నాకు సగం కూడా నిలవలేదు. మెడ వెనక మంట లేచింది. రెండోసారికి నేను వాటిని దుకాణంలో సర్దడం మొదలుపెట్టాను. తలుపును వంకాయ అరలో నిలబెట్టాను. బెల్లాన్ని తడి ఇటుక పక్కన పెట్టాను. చిలుక దాని పచ్చలోకి అదే వెళ్లిపోయింది. గొడుగును లైనింగుల మీద వాల్చాను. తర్వాత ఆ అమ్మాయి నన్ను వేరే పనిలో పెట్టింది. కాగితం మీద బొమ్మలు, తిప్పితే ఏది ఏదవుతుందో చెప్పాలి. అది నాకు బొత్తిగా రాలేదు. తడిక అవతల పరశురాం టకటకా చెప్పేస్తున్నాడు.

అవన్నీ అయ్యాక, “ఇందాకటి మాటలు ఇప్పుడు గుర్తున్నన్ని చెప్పండి” అంది.

నేను కళ్లు మూసుకుని మనసులో దుకాణమంతా తిరిగాను, అరల్లోంచి ఒక్కొక్కటీ తీసి చెప్పాను. రెండు మూడు తప్ప అన్నీ వచ్చాయి. చివర్న ‘రవిక’ అని కూడా అన్నాను. ఆ అమ్మాయి పెదవులు బిగబట్టుకుంది. రవిక ఆమె చదవలేదట. నా దుకాణంలో రవిక లేకుండా ఎలా ఉంటుంది.

తడిక అవతల నుంచి పరశురాం గొంతు వినపడింది. “తలుపు... గొడుగు... గీ ఏసీ సప్పుడుకు ఏం యాదికొస్తలేదు తమ్మీ. బెల్లం. మల్ల... పొద్దుగాల నాష్టా లేటయింది, గందుకే. తలుపు జెప్పిన్నా?”

మరిచిన ప్రతి మాటకూ అతని దగ్గర ఒక కారణం ఉంది. ఒక్క కారణం కూడా అతని ఒంట్లోది కాదు.

బయటికొచ్చాక హరిచందన మమ్మల్ని క్యాంటీన్‌కు తీసుకెళ్లి చాయ్ ఇప్పించింది. మార్కులు ఇప్పుడే చెప్పకూడదంది. కానీ సంగతి ఏమిటో చెప్పమని నేను పట్టుబట్టాను.

“ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఉంది కదా ఆంటీ. అది పిల్లల్ని కనడానికే అనుకుంటాం. మెదడులో జ్ఞాపకం నిలిపే చోట కూడా దానికి పనుంది. నెలసరి ఆగే రోజుల్లో అది పడుతూ లేస్తూ, చివరికి తగ్గిపోతుంది. ఆ టైంలో కొందరికి పేర్లు, మాటలు వెంటనే అందవు. నిద్ర చెడటం, ఒళ్లు మండటం కూడా తోడవుతాయి. చాలామందికి తర్వాత కాస్త కుదురుకుంటుందని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి. మామూలుగా ఇది మతి పోయే జబ్బు కాదు.”

“అంటే తగ్గుతదన్నట్టే గదా మేడం” అన్నాడు పరశురాం.

“కొందరిలో. కొంత.”

“గదే నేను జెప్పేది.”

“మగోళ్లకు తగ్గదా బిడ్డా?” అన్నాను.

“వాళ్ల హార్మోన్ కూడా వయసుతో మెల్లగా తగ్గుతుంది. దానికీ జ్ఞాపకానికీ సంబంధం ఎంతో ఇంకా సరిగ్గా తేలలేదు. అసలు ఇలా మాటలు గుర్తుపెట్టుకునే పరీక్షల్లో సగటున ఆడవాళ్లే మగవాళ్లకంటే కాస్త ముందుంటారు. ఈ వయసు దాటాక ఆ తేడా తగ్గుతుంది.”

“తగ్గి ఏడికొస్తది?”

ఆ అమ్మాయి చాయ్ గుక్కెడు తాగింది. “అంటే... మగవాళ్లకి దగ్గరగా.”

“గట్లైతే నా సరుకు పాడైనంక గీయన మంచి సరుకంత అయితదన్నట్టు.”

హరిచందనకు చాయ్ పొలమారింది. కర్చీఫ్ తీసి తుడుచుకుంటూ, “అలా అనకండి ఆంటీ. అది సగటు. మీ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే సగటు మీ గురించి ఏమీ చెప్పదు. మీకంటే బాగా చెప్పే మగవాళ్లుంటారు, ఈయన కంటే తక్కువ చెప్పే ఆడవాళ్లుంటారు” అంది.

“ఫ్రీ సైజు నైటీ లెక్క. అందరికీ అని రాసుంటది, ఎవ్వరికీ సక్కగ రాదు.”

“దాదాపు అంతే” అంది. “ఒక మాట. థైరాయిడ్ కూడా చూపించుకోండి. దాని వల్ల కూడా మరుపొస్తుంది.”

తిరుగు ఆటోలో పరశురాం ఎన్ని మాటలు చెప్పాడో నేను అడగలేదు. తడిక ఇవతల నేను చెప్పినవి అతనికీ వినపడ్డాయి. మెట్రో స్టేషన్ కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, “నీకే ఎక్కువొచ్చినయ్, ఒప్పుకుంట” అన్నాడు. నాకు సంతోషం కలిగింది. అది మర్నాటికే పోతుందని అప్పుడు తెలియదు.

ఆదివారం మా అత్త ఇంట్లో కూర్చున్నాం. ఆమె మంచం మీద, మేం చాపల మీద. పరశురాం భోజనం ముగించి చెయ్యి తుడుచుకున్నాడు.

“అమ్మా, పరీక్షల వదినకే ఎక్కువొచ్చినయ్. నేను అబద్ధం ఆడ. కానీ అసలు మాట గది కాదు. ఇయ్యాల ఎక్కువొచ్చినయ్, రేపు తగ్గుతయ్. గా మేడమే జెప్పింది, హార్మోన్ తగ్గుడు షురూ అయిందని. పడిపోయే గోడ కింద ఎవరన్న గల్లా పెట్టుకుంటరా?”

నా భర్త తల ఎత్తాడు. “ఓరేయ్, తక్కువొస్తే నీదన్నవ్ గదరా.”

“అన్న, నువ్వు రైల్వేల ఉంటవ్, నీకు ధంధ తెల్వది.”

నేను అప్పటిదాకా నెమ్మదిగానే ఉన్నాను. ఆ మాటతో లేచి నిలబడ్డాను. “నాకు తెలుసు గదా ధంధ. ఇను. తక్కువొస్తే గల్లా నీదన్నవ్, ఒప్పుకున్న. ఎక్కువొస్తే గూడ నీదేనంటున్నవ్. రెండు దిక్కుల నీకే మొగ్గే తక్కెడ కాడ నేను నిలవడ. నా మరుపుకు హార్మోన్ అని పేరు దొరికింది, నీ మరుపుకు ఇంకా పేరు దొరకలే, గంతే తేడ. మరుస్తున్న, అవు. మంట లేస్తున్నది, చెమట పడుతున్నది, పేర్లు పోతున్నయ్. అన్నీ ఒప్పుకుంట. గల్లా మాత్రం దిగ.”

 మా అత్త నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె తమలపాకు ఈనె తీస్తూ, “పంతం బాగనే ఉన్నది” అంది. “రేపు మల్ల పెళ్లోళ్లొస్తరు. మల్ల పేరు రాదు. అప్పుడేం జేస్తవ్?”

నేను మళ్లీ చాప మీద కూర్చున్నాను.

“గది జెప్పు. కొడుకని వానికియ్య, కోడలివని నీకియ్య. దుకాణం నడవాలె. మల్ల ఆదివారం దాక చూస్త. గట్లనే కోస్తే గల్లా వానిదే.”

ఇంటికి వస్తూ ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. కొనేవాళ్లు అడిగే ప్రశ్నే అడిగింది. బాగున్న సరుకును బాగుందని ఎంత పొగిడినా, చిరిగితే ఏం చేస్తావని అడిగినవాడికి జవాబు చెప్పి తీరాలి. పరశురాంను గెలవడం ఒకటి, బచ్చలిపండు కోయకుండా ఉండటం ఇంకొకటి. మొదటిదాని మీదే నేను ఇన్నాళ్లూ సమయం పెట్టాను.

మంగళవారం భాగ్య ఆలస్యంగా వచ్చింది, పిల్లకు జ్వరమని. దుకాణంలో నేను ఒక్కదాన్నే. ఒక టీచరమ్మ పట్టుచీర తెచ్చింది. అది ఆకుపచ్చ కాదు, పసుపూ కాదు, రెండింటి నడుమ ఉంటుంది. పేరు కోసం నాలుక తడుముకున్నాను, లేదు. పిలవడానికి ఎదురుగా భాగ్య కూడా లేదు కదా అని గల్లా దిగి అరల దగ్గరికి నడిచాను. నడుస్తూ ఆమె పిల్లల చదువుల గురించి మాట్లాడుతున్నాను. చెయ్యి దానంతట అదే పైనుంచి మూడో అరలోకి వెళ్లి ఒక తాను మీద ఆగింది. లాగి చీర మీద వేశాను. చీర, గుడ్డ కలిసిపోయాయి.

అక్కడే నిలబడిపోయాను. చెయ్యి ఏమీ మరవలేదు. కన్నూ మరవలేదు. మధ్యలో పేరు ఒక్కటే జారుతోంది. గల్లా వాకిట్లో, అరలు లోపల ఉండబట్టి, ఆ దూరం దాటడానికి మామ పేర్లు పెట్టాడు. దూరమే లేకపోతే పేరుతో పనేముంది?

ఆ మధ్యాహ్నమే కొమురెల్లిని పిలిపించాను. మా వీధి చివర వడ్రంగి అతను. గల్లా బల్లను వాకిలి దగ్గర నుంచి ఊడదీసి, అరల నడుమ బిగించమన్నాను. కొమురెల్లి బల్ల చుట్టూ తిరిగి చూశాడు.

“అమ్మా, గిది మీ మామ నా తోని పెట్టించిండు. ఉత్తరం మొకం జూడాలన్నడు.”

“ఇప్పుడు బట్టల మొకం చూస్తది. తియ్యి.”

అతను మరలు తిప్పుతుండగా పరశురాం వచ్చాడు. స్టూలు మీద కూర్చోబోయి, స్టూలు వెనకున్న బల్ల కదలడం చూసి లేచాడు.

“ఏంది వదినా గిది? బాపు పెట్టిన జాగ. వాకిట్ల గల్లా లేకపోతె గిరాకి వస్తదా? ఎవలు వచ్చిందీ, ఎవలు పోయిందీ ఎట్ల కానొస్తది?”

“వాకిట్ల నువ్వు కూసుంటవ్ గదా రోజు. వచ్చినోళ్లను రమ్మను. పనన్న అయితది.”

“అమ్మకు ఫోన్ జేస్త.”

“చెయ్. రమ్మను.”

అతను ఫోన్ చేశాడు. నేను ఈలోపు భాగ్యకు కొత్త పద్ధతి చెప్పాను. పిలుపు ఉండదు. నా చేతిలో మీటరు కర్ర ఉంటుంది. చీర నా ముందు పరుస్తారు, నేను చూసి, కర్రతో తాను ముట్టుకుంటాను. తాను చీర మీద వేసి చూపించాలి. చూసినవాళ్లు తలూపాకే కత్తెర. కొంచెం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం బచ్చలిపండు కంటే చవక.

“అంటే నేనిగ ఇటు తిరగొచ్చా?” అంది భాగ్య. “ఇన్నేండ్ల సంది గోడ మొకమే చూసిన. ఎసుంటి చీరలొస్తయో గూడ తెల్వది నాకు.”

“చూడు. నేను తప్పు ముట్టుకుంటే చెప్పు.”

“చెప్తే కోపం చేస్తవా?”

“చేస్త. అయినా చెప్పు.”

పేర్లు వదిలేయడం నాకు తేలిక కాలేదు. మామ పోయాక వాటిని కాపాడింది నేనే. కొత్త రంగులు వచ్చినప్పుడు కొన్ని పేర్లు నేనే పెట్టాను. ఆ వాకిట్లో కూర్చుని పేరు పిలిస్తే మెట్ల మీద నిలబడ్డ ఆడవాళ్లంతా నా వైపు తిరిగేవాళ్లు. ఆ పిలుపులో నాకొక గర్వం ఉండేది. అది పోతోంది. కానీ గర్వం, గల్లా రెండింట్లో ఒకటే మిగులుతుందంటే ఏది ఉంచుకోవాలో నాకు తెలుసు.

మా అత్త సాయంత్రం ఆటో దిగింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, వాకిట్లో ఖాళీ జాగా చూసింది. నేల మీద బల్ల ఉన్నంత మేర రాళ్లు రంగు మారి ఉన్నాయి. దాని మీద పరశురాం స్టూలు వేశాడు. ఆమె కూర్చుని దుకాణమంతా కలయజూసింది.

“చూసినవా అమ్మా” అన్నాడు పరశురాం. “బాపు పద్ధతంత తీసేసింది.”

“చూస్తున్న.” ఆమె గొంతులో ఏమీ తెలియలేదు.

అప్పుడే ఒకామె లోపలికి వచ్చింది. సీతాఫల్‌మండి నుంచి వచ్చానంది. కూతురి నిశ్చితార్థమట. సంచిలోంచి చీర తీసి నా ముందు పరిచింది. మధ్యాహ్నమంతా చిన్న బేరాలే నడిచాయి. ఇది పెద్దది, వాళ్ల ఇంటి ఆడవాళ్లందరికీ కోయాలి. దీపం వెలుగులో చీర ఒక వైపు ఎర్రగా, ఇంకో వైపు గోధుమగా మెరిసింది. పరశురాం అరలకు ఆనుకుని నిలబడ్డాడు. మా అత్త చూస్తోంది. మెడ వెనక నుంచి మంట మొదలైంది.

“ఈ రంగునేమంటరమ్మా?” అంది సీతాఫల్‌మండి ఆమె. “మా వియ్యపురాలు అడిగింది, చెప్పరాలే నాకు.”

నేను నోరు తెరిచాను. పేరు రాలేదు. మామ పెట్టిన పేరే, వేలసార్లు పిలిచినదే.

పరశురాం మా అత్త వైపు చూశాడు. చెమట నా చెవుల వెనక నుంచి దిగుతోంది. కొంగుతో తుడుచుకున్నాను, తొందరపడకుండా, అందరూ చూస్తుండగానే.

“పేరు నాకిప్పుడు యాదికొస్తలేదమ్మా” అన్నాను. “రేపొస్తదేమో. రంగు మాత్రం గిదే.”

కర్ర ఎత్తి నాలుగో అరలో చివరి తానును ముట్టుకున్నాను. భాగ్య లాగి చీర మీద పరిచింది. చీర ఎర్రగా మెరిసిన చోట గుడ్డా ఎర్రగా మెరిసింది, గోధుమ వైపు తిప్పితే గోధుమైంది. కొనవచ్చినామె వంగి, చేత్తో రెండింటినీ కలిపి నిమిరింది.

“తడి ఇటుక” అంది మా అత్త స్టూలు మీద నుంచి, ఎవరినీ చూడకుండా. తర్వాత చిన్నగా నవ్వింది. “గీ వయసుల నేను గూడ గల్లా మీద కూసోని చిల్లర తప్పు ఇచ్చిన స్వర్ణా. మీ మామ మంచిగనే జెప్పి ఇంట్ల కూసోవెట్టిండు. గల్లా జరపాలన్న తెలివి నాకు రాలే.”

పరశురాం ఏదో అనబోయాడు. ఆమె అతనికి చెయ్యి చాచింది, లేపమన్నట్టు. అతను లేపాడు. “బండి తాళం జేబుల ఉన్నదా?” అని అడిగింది. అతను జేబులు తడుముకున్నాడు.

చీర తెచ్చిన ఆమె ఇంకా గుడ్డనే చూస్తోంది. “పేరుతోని నాకేం పని” అంది చివరికి. “కలిసింది గదా. కొయ్యిన్రి.”

నేను తలూపాను. భాగ్య కత్తెర వేసింది.